మూడో పిలుపు

పెనుకొండ,
జూన్ 4, 2024.

అమ్మా వనితా,

ఫోన్ ఎత్తడం లేదని అలిగావట, మీ అన్న నరేష్ చెప్పాడు. అలగొద్దు తల్లీ. జలుబు చేసి నెల నుంచి గొంతు వదలడం లేదు. మాట్లాడితే పాత తలుపు కిర్రుమన్నట్టు ఉంది. ముప్పై నాలుగేళ్లు పెనుకొండ కోర్టు వరండాలో నిలబడి పేర్లు పిలిచిన గొంతు ఇది. దాన్ని ఈ స్థితిలో నీకు వినిపించడం నాకిష్టం లేదు. ఫోన్‌లో అక్షరాలు కొట్టడం నాకు చేతకాదు. అందుకే ఉత్తరం.

నీకు ఐదో నెల వచ్చింది కదా, పేరు సంగతి ఇప్పుడే తేల్చుకుందాం. ఆడపిల్ల అయితే మీ అమ్మ పేరు పెట్టు. నీలావతి. పోయిన మనిషి పేరని కాదు, అదీ ఉందిలే, కానీ నేను పేరు తెలిసినవాడిగా చెబుతున్నాను.

కోర్టులో పిలిచే పేరు రోడ్డు అవతల టీ అంగడి దాకా పోవాలి. మధ్యలో బస్సులు, లారీలు, వకీళ్ల గోల. పేరులో దీర్ఘం ఉంటేనే పట్టుకుని సాగదీయడానికి చోటుంటుంది. రంగప్పా అను, చివర నోరు తెరుచుకుంటుంది, పేరు తనంతట తానే వెళ్లిపోతుంది. రమేష్ అను, నోట్లోనే ఆరిపోతుంది. నా సర్వీసులో పిలుపుకు పలకకుండా గైర్హాజరు అయినవాళ్లలో రమేష్‌లే ఎక్కువ. తప్పు వాళ్లది కాదు, పేరుది.

నీలావతి చూడు. నీ అన్నప్పుడు గొంతు లేస్తుంది, లా అన్నప్పుడు చేరవలసిన చోటికి చేరుతుంది, వతి అన్నప్పుడు మెల్లగా దిగుతుంది. పెళ్లిచూపుల్లో నేను మీ అమ్మ ముఖం సరిగా చూడలేదు. పేరు విని ఒప్పుకున్నాను. తిరిగొచ్చి చేను గట్టు మీద నిలబడి ఒకసారి పిలిచి చూసుకున్నాను కూడా. రెండు చేల అవతల ఉన్న ఆంజనప్ప తల ఎత్తి, "ఎవురప్పా ఆ నీలావతి? యాడుండాది?" అన్నాడు. అంత బాగా పోయింది పేరు.

మన ఇళ్లలో బిడ్డ చెవిలో పేరు మూడుసార్లు చెప్పేది నేనే కదా. తలుపుల అనే ఊరి నుంచి కూడా వచ్చి నన్ను పిలుచుకుపోయేవాళ్లు. పెద్ద గొంతువాడు పిలిస్తే బిడ్డ బాగా పలుకుతుందని వాళ్ల నమ్మకం. కోర్టులోనూ మూడుసార్లే. మొదటి రెండూ అడిగినట్టు పిలుస్తాం. మూడోది గట్టిగా పిలవాలి, దాని తర్వాత జడ్జిగారు గైర్హాజరు రాసేస్తారు. నీ బిడ్డకూ నేనే పిలవాలి. అందుకని నాకు నోరు తిరిగే పేరే పెట్టు.

మీ నాయన,
ఓబుళప్ప

*

ధర్మవరం,
జూన్ 19, 2024.

నాయనా,

నీ ఉత్తరం మనోజ్‌కు చదివి వినిపించాను. రమేష్‌ల దగ్గర కడుపు పట్టుకుని నవ్వాడు. వాళ్ల చిన్నాన్న పేరు అదే.

జలుబుకు మిరియాల కషాయం తాగు. బీడీలు మానేశావా? ఈ ప్రశ్నకు పోయిన ఏడాది నుంచి నువ్వు జవాబు చెప్పలేదు.

ఇక పేరు. నేనూ రోజూ పేర్లు పిలిచేదాన్నే. మా మూడో తరగతిలో ముప్పై ఎనిమిది మంది. అందులో ముగ్గురు హర్షితలు. నేను అటెండెన్సు తీస్తూ నీలావతి అని పిలిస్తే, ఎవరి అవ్వ వచ్చిందా అని పిల్లలు తలుపు వైపు చూస్తారు. కోపం తెచ్చుకోకు. అమ్మ పేరంటే నాకూ ప్రాణమే. కానీ ఇప్పుడు ఆ పేరు వింటే వయసు వినపడుతుంది. పుట్టిన బిడ్డకు అరవై ఏళ్లు ఎలా అంటగట్టను?

నాకూ మనోజ్‌కూ నచ్చిన పేరు తక్షిత. చిన్నగా, చురుగ్గా ఉంది. నాలుక కొసకు రాగానే పని అయిపోతుంది, గొంతు చించుకోనక్కర్లేదు. మా అత్తమ్మకు నోరు తిరగక "తచ్చిత" అంటోంది. అయినా ఆమె అడ్డు చెప్పలేదు. అమ్మ లేదని పురుడు కూడా ఈడే చేస్తానంది పాపం.

నీకు ఎప్పుడూ చెప్పని మాట ఒకటి చెబుతాను. హైస్కూలు గేటు దగ్గర నిలబడి "వనితా…" అని నువ్వు పిలిస్తే, బడి మొత్తం కిటికీల్లోంచి చూసేది. నాకు "కోర్టు కేసు" అని పేరు పెట్టారు. ఎన్నోసార్లు వినపడనట్టు నటించి, నువ్వు మూడోసారి పిలిచేదాకా రాలేదు. నా బిడ్డకు ఆ బాధ వద్దు. నువ్వు ఎంత సాగదీసినా సాగని పేరు కావాలి!

ఒకసారి ఫోన్ ఎత్తు నాయనా. గొంతు ఎట్లున్నా ఫరవాలేదు.

నీ కోర్టు కేసు,
వనిత

*

హిందూపురం,
జూలై 21, 2024.

వనితమ్మా,

నరేష్ దగ్గరకు వచ్చి వారమైంది. కొన్నాళ్లు ఇక్కడే ఉంటాను. భవాని కోడలిలా కాదు, కూతురిలా చూసుకుంటోంది. రోజూ గంజి, రాగి జావ. బీడీలు మానేశాను. ఇప్పుడు జవాబు చెప్పాను కదా, సంతోషమా?

తక్షిత అన్నావు. అది పేరా తల్లీ, పోపులో ఆవాలా? తక్, షిత్, అంతే, నూనెలో పడి చిటపటలాడి అయిపోయింది. పైగా మీ వీధిలో మగ్గాలు పొద్దస్తమానం తక్ తక్ అంటూనే ఉంటాయి. బిడ్డను పిలిస్తే మగ్గం పలుకుతుంది. ఆ పేరుకు ఒళ్లు లేదు, ఎముకలే ఉన్నాయి. కోర్టులో అలాంటి పేరు పిలిచి ఉంటే వరండా మెట్లు కూడా దిగేది కాదు.

బడి సంగతి చదివాను. నాకు తెలియదు వనితా. నా గొంతు విని అందరూ తిరిగి చూస్తే నీకు గొప్పగా ఉంటుందనుకున్నాను. తప్పే.

నిన్న సాయంత్రం మిద్దె మీదికి పోయి మీ అమ్మ పేరు ఒకసారి పిలిచాను. ఊరికే, పిలవాలనిపించింది. సగమే వచ్చింది. పక్కింటి కన్నడం ఆమె బట్టలు తీసుకుంటూ, "ఏమప్పా, ఎవురిని పిలుస్తాండావు?" అని అడిగింది. ఎవరూ లేరమ్మా అన్నాను.

రేపు నరేష్‌తో బెంగళూరు పోతున్నాను. చిన్న పని. ఉత్తరం ఆలస్యమైతే కంగారు పడకు. నరేష్‌కు ఫోన్ చేసినప్పుడు నాయన పడుకున్నాడని చెబితే నమ్ము. వేళకు తిను.

నాయన

*

ధర్మవరం,
సెప్టెంబర్ 6, 2024.

నాయనా,

నిన్న భవాని వదిన నోరు జారింది. "మామకు గొంతు తీసేసినాక అన్నమే సయించడంలేదు వనితా" అంది. అని, వెంటనే నాలుక కరుచుకుంది.

గొంతు తీసేశారు. నలభై ఐదు రోజులైంది. ఎదురింటి వాళ్లకు తెలుసు, మన ఊళ్లో ఆంజనప్ప మామకు తెలుసు, మనోజ్‌కు కూడా తెలుసంట. నాకే తెలియదు. నేను ఫోన్ చేసిన ప్రతిసారీ "నాయన పడుకున్నాడు" అని అన్న చెబితే, ఈ మధ్య మా నాయన ఎంత సోమరి అయ్యాడో అని అత్తమ్మతో నవ్వాను. నవ్వినందుకు నాకు ఎంత సిగ్గుగా ఉందో నీకు తెలుసా?

నీ మీద చాలా కోపంగా ఉంది. కడుపుతో ఉన్నదానికి చెప్పకూడదనుకున్నారేమో. నేను గాజు బొమ్మనా? అమ్మ పోయినప్పుడు ఆసుపత్రిలో పక్కన కూర్చున్నది నేను కాదా?

పోయిన ఉత్తరం మళ్లీ చదివాను. మిద్దె మీద అమ్మ పేరు పిలిచానని రాశావు. అది ఆపరేషన్‌కు పోయే ముందని ఇప్పుడు అర్థమైంది. నేనేమో ఆ ఉత్తరానికి జవాబు కూడా రాయలేదు, ఆవాలన్నావని ఉడుక్కుని.

పేరు గురించి ఇక వాదన లేదు. ఆడపిల్ల పుడితే నీలావతే. మనోజ్ ఒప్పుకున్నాడు. బళ్లో పిల్లలు నవ్వితే నవ్వనీ. నువ్వు వచ్చి బిడ్డ చెవిలో చెప్పాలి. ఎట్లా చెబుతావో నాకు తెలియదు. రావాలి, అంతే.

వనిత

*

హిందూపురం,
సెప్టెంబర్ 14, 2024.

అమ్మా వనితా,

తిట్టావు. బాగుంది. తిట్టకపోతే భయపడేవాడిని.

గొంతులో గడ్డ అన్నారు. ఉంచితే మనిషి పోతాడు, తీస్తే మాట పోతుంది అన్నారు. నరేష్ ఏడ్చాడు. నేను సంతకం పెట్టాను. నీకు చెప్పొద్దని వాళ్ల చేత ఒట్టు వేయించుకున్నది నేనే. మనోజ్‌ను ఏమీ అనకు. మీ అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు నువ్వు ఎనిమిది రోజులు అన్నం ముట్టలేదు. ఈసారి నీతోపాటు ఇంకొకరు పస్తుండేవాళ్లు. అందుకని.

ఇప్పుడు మెడ కింద చిన్న రంధ్రం ఉంది. ఊపిరి అందులోంచే. నోట్లోకి గాలి రాదు కాబట్టి మాట రాదు. నొప్పి లేదు. పలక మీద రాసి చూపిస్తే భవాని అన్నీ తెస్తోంది.

నీలావతి అని పెడతానన్నావు. చదివి ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. తర్వాత అద్దం ముందుకు పోయి ఆ పేరు అన్నాను. నోరు తెరుచుకుంది, మూసుకుంది, చివర త దగ్గర నాలుక కొంచెం చప్పుడు చేసింది. అంతకుమించి ఏమీ లేదు. తొట్టిలో చేప నోరు ఆడించినట్టుంది. అదే పేరును నేను ఒకప్పుడు రెండు చేల అవతలికి పంపాను వనితా.

పేరు పెట్టేనాటికి నేను రాను. నలుగురిలో బిడ్డ చెవి దగ్గర వంగి, మాట లేక లేచి నిలబడలేను. జాలిగా చూస్తారు. గొంతు బాగున్నవాళ్లు చాలామంది ఉన్నారు, మనోజ్ చేత చెప్పించు. నేను ఇక్కడి నుంచే చల్లగా ఉండమని దండం పెట్టుకుంటాను.

నాయన

*

ధర్మవరం,
అక్టోబర్ 18, 2024.

నాయనా,

సోమవారం తెల్లారి ఆడపిల్ల పుట్టింది. అన్న చెప్పే ఉంటాడు. మూడు కిలోలకు కొంచెం తక్కువ. ముక్కు అమ్మది. ఏడుపు మాత్రం నీది. పుట్టగానే ఎంత గట్టిగా ఏడ్చిందంటే నర్సు, "ఏం పాపమ్మా, ఊరంతా లేపుతాండావే" అంది. నేను పడుకునే నవ్వాను, తర్వాత ఏడ్చాను.

మంచం మీద కూర్చుని రాస్తున్నాను. అత్తమ్మ చూస్తే కళ్లు పోతాయని కాగితం లాక్కుంటుంది. అందుకని తొందరగా చెబుతాను.

నవంబర్ మూడు, ఆదివారం, పేరు పెడతాం. మనోజ్ చెప్పడు. ఇంకెవ్వరూ చెప్పరు. నువ్వు రాకపోతే ఆ రోజు బిడ్డకు పేరు ఉండదు. నేను పంతానికి అనడం లేదు. మాట లేదని నువ్వు అనుకుంటున్నావు. నాకు నువ్వు కావాలి. జాలిగా చూసేవాళ్లు చూస్తారు. వాళ్లు భోంచేసి పోతారు. నువ్వు రాలేదన్న సంగతి మాత్రం నా బిడ్డకు పెద్దయ్యాక నేనే చెప్పుకోవాలి.

బళ్లో నువ్వు పిలిస్తే మూడోసారి దాకా రానిదాన్ని నేను. దానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఇవాళ నేను పిలుస్తున్నాను. తండ్రిని పేరు పెట్టి పిలవడం తప్పే, అయినా కోర్టు పద్ధతి నువ్వు నేర్పిందే కదా.

పెనుకొండ కోర్టు అటెండరు ఓబుళప్పా!

నీలావతి మొగుడు ఓబుళప్పా!

వనిత నాయన ఓబుళప్పా!

మూడుసార్లూ అయింది. పలకకపోతే గైర్హాజరు రాసేస్తాను.

వనిత

*

హిందూపురం,
అక్టోబర్ 26, 2024.

అమ్మా,

హాజరు.

నీ ఉత్తరం భవాని చదివింది, నేను విన్నాను. మూడో పిలుపు దగ్గర ఆమె గొంతు పోయింది. ఇంట్లో ఇద్దరం మూగవాళ్లమయ్యాం.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా విను. బిడ్డకు నీలావతి అని పెట్టొద్దు. తక్షిత అని పెట్టు.

ఎందుకో చెబుతాను. బెంగళూరు ఆసుపత్రిలో మాట నేర్పే అమ్మాయి ఒకామె ఉంది, రేష్మ అని. పోయిన నెల పోయినప్పుడు నా చేత అక్షరాలన్నీ పలికించింది. "తాతా, కొన్నిటికి గొంతు అక్కర్లేదు. బుగ్గలో ఉన్న గాలి చాలు" అంది. క, చ, త, ప, ష, స. వీటికి నాలుక, పెదవులు ఉంటే చాలట. రోజూ ఆడించమంది. నాకు మనసు లేక మానేశాను. నీ ఉత్తరం వచ్చిన సాయంత్రం అద్దం ముందు మళ్లీ మొదలుపెట్టాను.

కోర్టులో పిలిచిన పేర్లన్నీ వరసగా తీశాను. నాకు గర్వంగా ఉన్న పేర్లు ఒక్కటీ రాలేదు. రామక్క అంటే ఒక్క క వచ్చింది. రంగప్పలో ఒక్క ప. దీర్ఘాలన్నీ గొంతువి, గొంతుతోనే పోయాయి. చివరికి, ఇక ఏమీ మిగల్లేదు కదా అని, నువ్వు చెప్పిన ఆవాల పేరు తీశాను.

త్. క్. ష్. త్.

వచ్చింది వనితా. ఏ అక్షరం ఎక్కడుందో తెలిసేలా వచ్చింది. వంటింట్లో ఉన్న భవాని పరుగెత్తుకొచ్చి, "ఎవురు మామా, తక్షిత అంటాండారు?" అని అడిగింది. నేనే అని గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను. ఆమె నమ్మలేదు. మళ్లీ అనమంది. అన్నాను.

ఒళ్లు లేని పేరని ఎగతాళి చేశాను. నాకు మిగిలింది ఆ ఎముకలే. మీ అమ్మ పేరు వదులుకోవడం నాకు కష్టంగానే ఉంది, అబద్ధం చెప్పను. కానీ నా మనవరాలిని నేను పిలవాలి. పిలవలేని పేరు పెట్టుకుని ఆమె ముందు నోరు ఆడించలేను.

నీలావతి అన్న పేరు నేను పలకలేనుగానీ వినగలను. ఆ రోజు రెండో పేరుగా నువ్వు పిలువు, ఒక్కసారి చాలు. గట్టిగా పిలువు. నీది నా గొంతే, నువ్వు ఎప్పుడూ వాడలేదు అంతే.

వచ్చే శనివారం మధ్యాహ్నం బస్సుకు నరేష్‌తో బయలుదేరుతాను.

తాత ఓబుళప్ప

*

ధర్మవరం,
ఏప్రిల్ 20, 2025.

నాయనా,

ప్రతి ఆదివారం పాప దగ్గరికి వచ్చేవాడివి, రెండు వారాలుగా రాలేదు. చెకప్ అని అన్న చెప్పాడు. ఈసారి నేను నమ్మలేదు, వదినతో వీడియో కాల్ చేయించుకుని నిన్ను చూసి నమ్మాను. ఇక మన ఇంట్లో "పడుకున్నాడు" అన్న మాట ఎవరూ అనకూడదు.

పేరు పెట్టిన రోజు గురించి మనం ఇంతవరకూ మాట్లాడుకోలేదు. నువ్వు వంగి మొదటిసారి అన్నావు, ఏమీ రాలేదు. రెండోసారి కూడా రాలేదు. నోరు ఎండిపోయిందని నాకు తెలిసింది. నీ చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు మా అత్తమ్మ, ఎవరూ చెప్పకుండానే, చెంబుతో నీళ్లు తెచ్చి నీ చేతికిచ్చింది. ఒక గుక్క తాగి మూడోసారి పిలిచావు. అంతమంది ఉన్న ఇంట్లో ఆ నాలుగు చప్పుళ్లూ అందరికీ వినపడ్డాయి. తర్వాత నేను అమ్మ పేరు పిలిచాను. వీధి చివర మగ్గం ఆపి చూశారట. నాకు సిగ్గు వేయలేదు.

ఇప్పుడు అసలు సంగతి. నెల నుంచి మాకు ఒక భయం పట్టుకుంది, నీకు చెప్పలేదు. నేనూ దాచాను, క్షమించు. ఆరు నెలలు వచ్చినా పాప పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడటం లేదు. మనోజ్ "తక్షితా…" అని ఎంత రాగం తీసినా చూడదు. అత్తమ్మ "తచ్చితా" అన్నా అంతే. చెవులు వినపడవేమోనని అత్తమ్మ మొక్కులు కూడా మొక్కింది. గురువారం డాక్టరు దగ్గరకు పోయాం. గంట మోగించి, బొమ్మ ఊపి చూసి, చెవులు బాగున్నాయమ్మా అన్నాడు. మరి పేరుకెందుకు పలకదు?

నిన్న నేను ఉతికిన గుడ్డలు మడత పెడుతున్నాను. పాప చాప మీద, నాకు వీపు చేసి, గిలక నోట్లో పెట్టుకుని కూర్చుంది. ఎందుకు తోచిందో నాకు తెలియదు. నువ్వు వచ్చినప్పుడల్లా ఆమె చెవి దగ్గర ఎట్లా పిలుస్తావో గుర్తు తెచ్చుకుని, గొంతు లేకుండా, నాలుకతో అన్నాను.

త్. క్. ష్. త్.

గిలక కింద పడేసింది నాయనా. గిర్రున తిరిగింది. బోసినోరు తెరిచి నవ్వింది. నన్ను చూడలేదు. నా భుజం పక్క నుంచి, నా వెనక, గుమ్మం దాకా నీకోసం వెతికింది.

ఆమె పేరు ఆమెకు బాగా తెలుసు. మేమే దాన్ని తప్పు గొంతుతో పిలుస్తున్నాం. నిన్నటి నుంచి ఇంట్లో అందరం అట్లాగే పిలుస్తున్నాం. అత్తమ్మకు ఇంకా ష్ దగ్గర ఉమ్ము తుంపర పడుతోంది. మనోజ్‌కు వచ్చింది. పాప ప్రతిసారీ తిరుగుతుంది, ముందు గుమ్మం వైపు చూసి, నువ్వు లేవని తెలిశాకే మా వైపు చూస్తుంది.

ఆదివారం రా. మూడోసారి పిలిచేదాకా ఆగకు.

వనిత